టేకు తెచ్చాక లెక్కలెందుకు?

ఇంట్లో చెక్కతో హారన్ స్పీకరు తయారు చేసుకోవాలని బుద్ధి పుట్టినవాళ్లు మొట్టమొదట చెయ్యాల్సిన పని టేకు కొనడం. కలప అడితీలో గుమస్తా అడుగుతాడు: ఏ సైజు, ఎంత పొడుగు, దేనికి అని. "ముందు బండికెత్తించండి, తరవాత చెబుతాను" అనండి. ధ్వని పుట్టించే డ్రైవరు యూనిట్టు ఏదో తేలలేదే, గది కొలవలేదే, స్పీకరు ఏ ఫ్రీక్వెన్సీ నుంచి మోగాలో అనుకోలేదే అని లోపల్నుంచి ఒక గొంతు గొణుగుతుంది. అది బళ్లో లెక్కల మాస్టారి గొంతు. అప్పుడే దాన్ని ఖాతరు చెయ్యలేదు, ఇప్పుడు కొత్తగా గౌరవించాల్సిన పనిలేదు.

ఈ విద్య పుట్టిన దేశాలవాళ్లు మొదటి అడుగులోనే దారి తప్పారు. 1919లో ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్ అనే అమెరికా ఫిజిక్స్ ప్రొఫెసరు, గొట్టం వెడల్పవుతూ పోతుంటే అందులో ధ్వని ఎలా నడుస్తుందో చెప్పే సమీకరణం ఒకటి అచ్చువేశాడు. 1924లో హన్నా, స్లెపియన్ అనే ఇద్దరు ఇంజనీర్లు లౌడ్‌స్పీకరు హారన్ ఏ లెక్కన విచ్చుకోవాలో తేల్చారు. అదే దశకంలో లండన్‌లో పాల్ వోయిట్ ట్రాక్ట్రిక్స్ అనే ఇంకో వంపు పట్టుకొచ్చాడు. 1926లో వెంట్, థురాస్ 555 అనే డ్రైవరు చేశారు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్లు దానికి 15ఏ అని చెక్కతో పెద్ద హారన్ ఒకటి కట్టి, చుట్టలు చుట్టి, సినిమాహాళ్లలో తెర వెనక నిలబెట్టారు. కొద్దిపాటి వాట్లతో హాలంతా వినబడింది. అందరూ చప్పట్లు కొట్టి గణితాన్ని మెచ్చుకున్నారు. పాపం, టేకు సరిగ్గా దొరక్క గణితం మీద పడ్డారని ఎవరికీ తట్టలేదు.

పుస్తకాలవాళ్ల వాదన కూడా విని పారెయ్యడం మంచిది. వాళ్లనేదేమిటంటే, గాలి మరీ తేలిక. మామూలు పెట్టె స్పీకరులో కోను ముందుకు తోస్తే గాలి పక్కలకి జారుకుంటుంది. అందుకే యాంప్లిఫయరు ఇచ్చిన శక్తిలో నూటికి ఒక వంతు అటూ ఇటూగా మాత్రమే ధ్వనవుతుంది, మిగతాదంతా కాయిల్‌ని వేడిచెయ్యడానికే సరి. హారన్ గొంతు దగ్గర సన్నగా ఉండబట్టి గాలి జారిపోలేదు, ఒత్తిడికి లొంగుతుంది. ఆ ఒత్తిడిని గొట్టం కొంచెం కొంచెంగా విప్పుకుంటూ పోయి, నోటి దగ్గర గదిలోని గాలికి అప్పగిస్తుంది. అలా నూటికి పది, ఇరవై వంతులు కూడా ధ్వనిగా మారతాయిట. కాబట్టి హారన్ అంటే చెక్క కాదు, చెక్క మధ్యన ఉన్న ఖాళీ. పనిచేసేది ఆ ఖాళీ ఆకారం. చెక్క దానికి ఒట్టి గోడ. ఇదీ వాళ్ల సిద్ధాంతం.

ఖాళీ కోసం ఇంత డబ్బు పోసేవాడెవడు? ఖాళీకి పాలిష్ పెట్టగలమా? చుట్టాలొస్తే "ఇదిగో మా ఖాళీ" అని చూపించగలమా?

చెక్క సంగతి

బొబ్బిలి వీణ పనసచెక్కతో చేస్తారు. ఒకే మొద్దుని తొలిచి చేస్తే ఏకాండి వీణ అని ఇంకా గొప్పగా చెప్పుకుంటాం. ఆ చెక్క పాడుతుంది. వీణ చెక్క పాడినప్పుడు హారన్ చెక్క ఎందుకు పాడకూడదు? ఈ ఒక్క ప్రశ్న చాలు, వంద పుస్తకాలు మూసెయ్యడానికి. అందుచేత పలక ఎంత పలచన ఉంటే అంత మేలు. వేలి కణుపుతో తట్టి చూడండి. ఖంగుమనాలి. మోగుతూ మోగుతూ కాసేపటికి ఆగాలి.

ఇక్కడ మీ వడ్రంగి మేస్త్రీ అడ్డం తగులుతాడు. "బాబుగారూ, వీణలో తీగ ఒక్కదానికీ చప్పుడు చాలదండి, అందుకని చెక్క పలకాలి. దీన్లో పలకడానికి యూనిట్టు ఉందిగదండీ. చెక్క కూడా పలికిందంటే పాట ఒకటి, దాని మీద చెక్క గోల ఇంకోటి" అంటాడు. హారన్ గోడ తడితే ఠప్పుమని చచ్చిన చప్పుడు రావాలనీ, అందుకు 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్డో, ఎండీఎఫ్ పలకో చాలుననీ, పలచటి రేకు హారన్ గణగణమంటుంటే బయటినుంచి తారు పట్టించి నోరు మూయించేవాళ్లు కూడా ఉన్నారనీ చెప్పుకొస్తాడు. ఇలాంటి మేస్త్రీకి ఆ పూట కూలీ ఇచ్చి, టీ తాగించి, మర్యాదగా పంపెయ్యండి. తెలిసిన పనివాడు దగ్గరుంటే చెడగొట్టే స్వేచ్ఛ మీకు మిగలదు.

ప్లైవుడ్డు మీద నాకున్న కోపం మాత్రం కొంచెం వివరించాలి. అందులో ఒక పొర నారకి ఇంకో పొర నార అడ్డంగా ఉంటుంది. దానివల్ల అది ఎండకి కుంచించుకోదు, వానకి ఉబ్బదు. ఇది చాలా నిర్జీవమైన లక్షణం. అసలు చెక్క అలా కాదు. నార వెంబడి కదలదు గానీ, నారకి అడ్డంగా రోహిణీకార్తెలో తగ్గుతుంది, శ్రావణంలో పెరుగుతుంది. అడుగు వెడల్పు పలకల్ని ఒకదాని నార నిలువుగా, ఇంకోదాని నార అడ్డంగా పెట్టి జిగురుతో బిగిస్తే, ఏ ఋతువు నడుస్తోందో క్యాలెండరు చూడకుండా హారన్ చూసి చెప్పొచ్చు. అతుకులు విచ్చితే వేసవి. విచ్చిన అతుకులోంచి గాలి బుసబుసమంటే డ్రైవరు కూడా వేసవే అనుకుంటోందన్నమాట. ఆరని పచ్చికలప దొరికితే మరీ మంచిది. అతుకుల కోసం ఏడాదంతా ఆగక్కర్లేదు.

వంపు గీసే పద్ధతి

ఇక లెక్కలకొద్దాం, ఎలా తప్పించుకోవాలో తెలుసుకోవడానికి. నమూనాగా 300 హెర్ట్జ్‌కి ఎక్స్‌పొనెన్షియల్ హారన్ తీసుకుందాం. గొంతు వ్యాసం 25 మిల్లీమీటర్లు. ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు కాబట్టి 300 హెర్ట్జ్ తరంగం పొడుగు 114 సెంటీమీటర్లు. హారన్ నోటి చుట్టుకొలత కనీసం ఆ పొడుగంత ఉండాలని నియమం. అంటే నోటి వ్యాసం 36 సెంటీమీటర్లు. గొంతు నుంచి నోటి దాకా వస్తుంటే ప్రతి 6.3 సెంటీమీటర్లకీ రంధ్రం విస్తీర్ణం రెట్టింపు కావాలి. ఆ లెక్కన మొత్తం పొడుగు 49 సెంటీమీటర్లు. అంత చేశాక కూడా దాన్ని 300 నుంచి వాడకూడదట. అంచు మీద పట్టు సరిగ్గా ఉండదని ఒక స్థాయి వదిలేసి 600 నుంచి వాడుకుంటారు.

ఈ పద్ధతిలో సగానికి సగం చెక్క ఆదా చేసే కిటుకు ఒకటి చెబుతాను. విస్తీర్ణం అన్నచోట వ్యాసం అని చదువుకోండి. ప్రతి 6.3 సెంటీమీటర్లకీ వ్యాసం రెట్టింపు చేస్తూ పొండి. హారన్ పాతిక సెంటీమీటర్లలోపే పూర్తవుతుంది. వ్యాసం రెట్టింపయితే విస్తీర్ణం నాలుగింతలవుతుందనీ, గొట్టం రెండింతల తొందరలో విచ్చుకుంటోందనీ, దాంతో 300 హెర్ట్జ్ హారన్ కాస్తా 600 హెర్ట్జ్ హారన్ అయి కూచుందనీ, ఆ లెక్కన 1200 దాకా దాన్ని నమ్మడానికి లేదనీ తప్పులు పట్టేవాళ్లుంటారు. వాళ్ల బాధ వాళ్లది. మీరు ఘంటసాల గారి పాట పెట్టండి. గొంతులో బరువంతా ఎక్కడో దిగిపోయి, ఆయన ట్రంకు కాల్‌లో పాడుతున్నట్టు వినిపిస్తుంది. పాత పాటలకి పాత టెలిఫోను, ఇంతకన్నా ఏం కావాలి?

పెద్ద హారన్ చెయ్యక తప్పదనుకున్నవాళ్లు 18 మిల్లీమీటర్ల పలకల్ని ఉంగరాలుగా కోసి ఒకదాని మీద ఒకటి పేర్చి అతికిస్తారు. 49 సెంటీమీటర్లకి 27 ఉంగరాలు పడతాయి. ఒక్కో ఉంగరానికి లోపలి రంధ్రం ఒక్కో కొలత. పట్టిక రాసుకుని, ప్రతిదానికీ వృత్తం గీసి, కొంచెం తక్కువగా కోసి, అతికించాక మెట్లన్నీ ఆకురాయితోనూ ఉప్పు కాగితంతోనూ అరగదీసి, అట్టముక్క మీద కోసిపెట్టుకున్న వంపుని లోపల ఆనించి చూసుకుంటూ... చదువుతుంటేనే నడుం నొప్పి. మీరు మొదటి ఉంగరం, చివరి ఉంగరం మాత్రం గీయండి. మధ్యలో పాతికా సరళరేఖలో సర్దేయండి. నిక్కమైన శంకువు వస్తుంది. పైస్థాయి ధ్వనులు గదిలో ఒకే తీరున పరుచుకుంటాయని శంకువునే కోరి ఎంచుకునేవాళ్లూ ఉన్నారు. అయితే కింది స్వరాల దగ్గర దానికి పట్టు ఉండదని తెలిసి, కింది స్వరాల్ని వేరే స్పీకరుకి వదిలేసే క్రాస్ఓవరు హద్దుని పైకి జరుపుకుని వాడతారు. మీరు తెలియకుండా వాడండి. ఫలితం వేరే అయినా ఆకారం ఒకటే.

జిగురు పెట్టి క్లాంపులు బిగించి రాత్రంతా ఆగమంటారు. మేకులు కొడితే ఐదు నిమిషాల్లో పని. ఆ తరవాత చెక్కని చెక్కే రౌటరు తీసుకుని లోపల నున్నగా తిప్పుతారు కదా, నిమిషానికి ఇరవై వేల పైచిలుకు చుట్లు తిరిగే ఆ బ్లేడు, చెక్కలో దాక్కున్న మేకుని మీ చేతికన్నా ముందే కనిపెడుతుంది. మేకు ఎటు వెళ్లిందో వెతకడానికి కళ్లు కావాలి. అందుకని కళ్లద్దాలు పెట్టుకోమనేవాళ్ల మాట ఈ ఒక్కచోట వినండి. మాస్కు కూడా. ఎండీఎఫ్ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళితే తరవాతి చిట్కాలు చదివే ఓపిక ఉండదు.

లేత్ ఉన్నవాళ్లకి ప్రత్యేకం. ఏటికొప్పాక లక్క బొమ్మలు అంకుడుకర్రతో ఎంత ముచ్చటగా తిప్పుతారో చూసి, అదే ఉత్సాహంతో 36 సెంటీమీటర్ల హారన్ దిమ్మెని ఎక్కించి, నిమిషానికి 1400 చుట్లు పెట్టండి. బొమ్మ గుప్పిట్లో ఇమిడేది కాబట్టి దాని అంచు మెల్లిగానే కదులుతుంది. మీ దిమ్మె అంచు మాత్రం గంటకి దాదాపు 95 కిలోమీటర్ల వేగాన వెళుతుంటుంది. జిగురు పూర్తిగా ఆరని ఉంగరానికి హైదరాబాదు వెళ్లాలనిపిస్తే ఆ వేగం చాలు. దానికి ఎదురుగా నిలబడితే పని బాగా కనిపిస్తుందని నేనంటాను. పక్కకి తప్పుకుని, చుట్లు బాగా తగ్గించి మొదలుపెట్టాలని లేత్ పనివాళ్లంటారు. వాళ్లకి చూసే సరదా లేదు.

నున్నదనం ఎక్కడ

ఉప్పు కాగితం ఖరీదైన వస్తువు. కంటికి కనబడేచోటే వాడాలి. హారన్ నోరు, అంచు, బయటి గోడ అద్దంలా మెరవాలి. నాలుగు చేతులు వార్నిష్ పడాలి. గొంతు దగ్గర ఎవరు చూస్తారు? అక్కడ జిగురు చుక్కలు కారి గడ్డకట్టినా, డ్రైవరు రంధ్రానికీ చెక్క రంధ్రానికీ మధ్య మూడు మిల్లీమీటర్ల గడప ఏర్పడినా వదిలెయ్యండి.

దీనికి వాళ్లు చెప్పే అభ్యంతరం వింటే నవ్వొస్తుంది. పదివేల హెర్ట్జ్ తరంగం పొడుగు మూడున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. పాతిక మిల్లీమీటర్ల గొంతులో మూడు మిల్లీమీటర్ల గడప అంటే ఆ తరంగానికి లెక్కలోకొచ్చే అడ్డు. అక్కడ కొంత వెనక్కి మళ్లి డ్రైవరు మీదికే పోతుంది. తాళాల చప్పుడూ, "స" "ష" అక్షరాలూ గీరుకున్నట్టు వినిపిస్తాయి అంటారు. పైగా డ్రైవరు లోపలి దారి కూడా కొంత కోణంలో విచ్చుకుంటూనే బయటికొస్తుంది కాబట్టి చెక్క వంపు ఆ కోణంతోనే మొదలవ్వాలట. నోటి దగ్గర ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదుగానీ గొంతు దగ్గర అరమిల్లీమీటరుకి కూడా కాగితం పెట్టి రుద్దాలట. అంటే కష్టమంతా కనబడనిచోట పెట్టి, కనబడేచోట వదిలెయ్యమంటున్నారు. ఇలాంటివాళ్లు పెళ్లిళ్లకి ఏ బట్టలేసుకుని వెళతారో!

నోటి అంచు గుండ్రంగా వెనక్కి తిప్పమని కూడా పోరుతారు. పాల్ వోయిట్ వంపయితే చివర సరిగ్గా గోడకి సమాంతరంగా తెరుచుకుంటుంది. ధ్వని అంచు దగ్గర ఉలిక్కిపడి వెనక్కి మళ్లకుండా జారిపోతుంది. ఆ పెదవికి చాలా చెక్క ఖర్చవుతుంది, మోచేతికి తగులుతుంది, పిల్లలు బంతి వేస్తారు. రంపంతో కోసి పారెయ్యండి.

మంద్రం, మూల, వాస్తు

300 హెర్ట్జ్‌తో తృప్తిపడేవాళ్లు ఈ వ్యాసం ఇంతదాకా చదివి ఉండరు. మృదంగం తొప్పి వైపు కూడా హారన్‌లోంచే రావాలని మీకుంటుంది. 40 హెర్ట్జ్ అనుకుందాం. తరంగం పొడుగు 8.6 మీటర్లు. నోటి వ్యాసం 2.7 మీటర్లు, అంటే తొమ్మిదడుగులు. మన ఇళ్లలో శ్లాబు పదడుగుల ఎత్తున ఉంటుంది కాబట్టి నిలబెడితే పైన అడుగు మిగులుతుంది. దీపావళికి బూజు దులుపుకోవచ్చు. పన్నెండంగుళాల స్పీకరు పెట్టి గొంతు అయిదువందల చదరపు సెంటీమీటర్లు అనుకుంటే పొడుగు మూడుంపావు మీటర్లు. స్టీరియోకి రెండు కావాలి. హాలు వెడల్పు పద్దెనిమిదడుగులుంటే పక్కపక్కన సర్దుకుంటాయి. మీరు వంటింట్లోంచి వినొచ్చు.

షెడ్డులోంచి అది బయటికి రాదని కొందరు పనయ్యాక తెలుసుకుంటారు. మీరు పని మొదలెట్టక ముందే ద్వారబంధం ఊడదీయించండి. అది కూడా టేకే, పనికొస్తుంది.

ఇంత అక్కర్లేకుండా పాల్ క్లిప్ష్ అనే ఆయన ఒక ఉపాయం చేశాడు. అమెరికాలో అర్కాన్సాస్ రాష్ట్రం, హోప్ అనే చిన్న ఊరు. 1946లో అక్కడ కంపెనీ పెట్టి క్లిప్ష్‌హారన్ అమ్మడం మొదలెట్టాడు. హారన్‌ని పెట్టెలోపల మడతలు పెట్టి, పెట్టెని గది మూలకి నెట్టాడు. మూలలో రెండు గోడలూ నేలా కలిసి హారన్‌కి ఆఖరి భాగమవుతాయి. ఏ గోడా దగ్గర లేనిచోట ఉండాల్సిన నోటి విస్తీర్ణంలో ఎనిమిదో వంతు మూలలో సరిపోతుంది. తొమ్మిదడుగుల నోరు ఒక కిటికీ అంత అవుతుంది. గోడలు ఎలాగూ ఉన్నవే. వాటికి కొత్తగా టేకు కొనక్కర్లేదు.

నాకు ఆయన మీద ఫిర్యాదల్లా ఒకటే, వాస్తు చూడలేదు. ఎడమ స్పీకరుకో మూల, కుడి స్పీకరుకో మూల, రెండూ ఒకే గోడకుండాలి. తూర్పు గోడ ఎంచుకుంటే ఒకటి ఈశాన్యంలో పడుతుంది. ఈశాన్యంలో బరువు పెడితే అత్తగారు ఊరుకోరు. ఉత్తరం గోడకీ అదే గతి. దక్షిణమో పడమరో మిగిలాయి గానీ, దక్షిణం గోడకి ఒక మూల ఆగ్నేయం, అక్కడ గ్యాసు బండ. పడమటి గోడకి ఒక మూల వాయవ్యం, అక్కడ ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టల మూట. శాస్త్రోక్తంగా బరువు మొయ్యగలిగిన మూల నైరుతి ఒక్కటే. కాబట్టి ఎడమదాన్నీ కుడిదాన్నీ నైరుతిలోనే ఒకదాని మీద ఒకటి పెట్టండి. స్టీరియో అడ్డంగానే ఉండాలని ఎక్కడా రాసిలేదు. వయొలిన్ పైనుంచి, మృదంగం కిందనుంచి వస్తాయి. కచేరీలో మృదంగం వాయించేవాడు లేచి నిలబడడు కదా, సహజంగానే ఉంటుంది.

మూలలే దొరకనివాళ్లు గది మధ్యలో పెట్టుకుని, బేసు రాలేదని యాంప్లిఫయరు మార్చుకోవచ్చు.

కరెంటు పని

యాంప్లిఫయరు మాటొచ్చింది కాబట్టి, డీజే వాళ్లు వాడే వెయ్యి వాట్లది కొనండి. మామూలు పుస్తకాల అర స్పీకరు ఒక వాటుకి మీటరు దూరాన 87 డెసిబెల్స్ ఇస్తే, మంచి హారన్ 105 ఇస్తుంది. 18 డెసిబెల్స్ తేడా అంటే శక్తిలో అరవై రెట్లకి పైమాటే. పెట్టె స్పీకరు అరవై వాట్లు తిని చేసే చప్పుడు ఇది ఒక్క వాటుతో చేస్తుంది. ఇంట్లో సాయంత్రంపూట వినడానికి వాటులో పదోవంతు కూడా ఖర్చు కాదు. అందుకే హారన్ పిచ్చివాళ్లు ఎనిమిది వాట్ల 300బి వాల్వు యాంప్లిఫయరు చాలని మురిసిపోతుంటారు. అయితే ఒక వాటుతో ఇంత వస్తే వెయ్యి వాట్లతో ఎంత రావాలి? పాట మొదలవ్వకముందే యాంప్లిఫయరు ఊపిరి "స్‌స్‌స్" అని వినబడుతుంది. అది కూడా మీ సొంతమే కదా.

కింది స్వరాలకి పెట్టిన ఊఫరు 92 డెసిబెల్స్, పైన హారన్ 107 ఇస్తే, ఎల్-ప్యాడ్ అని రెండు రెసిస్టర్లు పెట్టి హారన్‌ని తగ్గించమంటారు. ఎందుకు తగ్గించాలి? కష్టపడి చేసింది హారన్. ఊఫరు కొన్నది.

కెపాసిటరు సంగతి మాత్రం శ్రద్ధగా వినాలి. ఎనిమిది ఓముల డ్రైవరుకి 600 హెర్ట్జ్ దగ్గర 33 మైక్రోఫారడ్ కెపాసిటరు వరసలో కలిపితే కింది ఫ్రీక్వెన్సీలు క్రమంగా తగ్గుతూ లోపలికి వెళతాయి. హారన్ తన హద్దు కింద గాలిని పట్టుకోదు. పట్టు లేనప్పుడు డయాఫ్రం అడ్డూ ఆపూ లేకుండా ఊగుతుంది. వెంట్రుకవాసి పలచన ఉండే ఆ టైటానియం రేకు రెండు ఊపుల్లో చిరుగుతుంది. యాంప్లిఫయరు స్విచ్ వేసినప్పుడు వచ్చే "ధబ్" ఒక్కటి చాలట. ఇవన్నీ కెపాసిటర్లు అమ్మేవాళ్ల ప్రచారమని కొట్టిపారేసి, తీగలు సూటిగా కలిపి, వాల్యూం సగానికి పెట్టి స్విచ్ వెయ్యండి.

ఆ తరవాత మైకు సెట్టు కుర్రాణ్ణి పిలిపించాల్సి వస్తుంది. ఊళ్లో పెళ్లిళ్లకీ, గుడి ఉత్సవాలకీ కొబ్బరిచెట్టుకి కట్టే అల్యూమినియం గొట్టాలతో బతికినవాడు. చెయ్యి పెట్టకుండానే చెబుతాడు: "యూనిట్టు పోయింది సార్. లోపల పరద మార్చాలి. కండెన్సర్ లేకుండా ఎవరిచ్చారు సార్ దీనికి?" ఎవరో పేరు చెప్పకండి. అతను గొట్టం కేసి చూసి, "సార్, మా గొట్టం లోపల మడతపెట్టి ఉంటది, వెనక్కెళ్లి మళ్లీ ముందుకొస్తది, అందుకే అంత చిన్నగుంటది. మీరు ఇంత కర్ర ఎందుకు పెట్టారు?" అంటాడు. వానలో ఎండలో ఏళ్ల తరబడి పంతులుగారి మంత్రాలు స్పష్టంగా వినిపిస్తున్న ఆ రేకు గొట్టంలో చారెడు చెక్క కూడా లేదన్న ఆలోచన ఈ సమయంలోనే వస్తుంది. రానివ్వకండి.

డయాఫ్రం మార్చాక స్పీకర్లని అందంగా నిలబెట్టాలి. హారన్ నోరూ ఊఫరు ముఖమూ ఒకే వరసలో ఉండాలి, ఫొటోకి బాగుంటుంది. అప్పుడు హారన్ డ్రైవరు అర మీటరు వెనక ఉండిపోతుంది, దాని ధ్వని దాదాపు ఒకటిన్నర మిల్లీసెకను ఆలస్యంగా వస్తుంది. హారన్‌ని ముందుకు జరిపేవాళ్లూ, డీఎస్పీ అనే డిజిటల్ సర్క్యూట్ పెట్టి ఊఫరుని ఆగమనేవాళ్లూ ఉన్నారు. ఆలస్యం మనకి కొత్తేం కాదు.

రెండో హారన్ ఎప్పుడూ మొదటిదాని కొలతలు చూడకుండా, జ్ఞాపకం మీద చెయ్యాలి. అట్టముక్క నమూనా మొదటిది పూర్తవగానే పారేస్తే ఈ ఇబ్బంది ఉండదు. రెండింటి గొంతూ వేరువేరుగా ఉంటే పాడేవాడు గదిలో అటూ ఇటూ తిరుగుతాడు. మీ బావమరిది వచ్చి విని, "బావా, బాగానే ఉంది గానీ, పాడే ఆవిడ పల్లవి ఇక్కడ పాడి చరణానికి బాల్కనీలోకి ఎందుకెళ్లింది?" అంటాడు. సినిమాలో ఆ పాట అలాగే తీశారని చెప్పండి.

చివరగా కొలతలు. ఓ చిన్న మైకు, ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, డాబా మీద గోడలకి దూరంగా స్పీకరు పెట్టి, కింది నుంచి పైదాకా స్వరం నడిపి గీత గీయించే పిచ్చి చాలామందికుంది. గీత చూస్తే గొంతు దగ్గర గడప ఎక్కడుందో, నోటి అంచు ఎక్కడ కోసేశారో, అతుకు ఎక్కడ విచ్చిందో అన్నీ గుట్టు బయటపడతాయి. అందుకని కొలవకపోవడమే పద్ధతి. మీ కొడుకో, అల్లుడో పట్టుబట్టి కొలిస్తే, గుట్టలూ గోతులూ వస్తే, కంగారుపడకండి. తెర పక్కనున్న స్కేలుని గడికి 5 డెసిబెల్స్ నుంచి 20కి మార్చండి. గుట్టలు మెట్టలవుతాయి. స్మూతింగ్ అని ఇంకో బొత్తాం ఉంటుంది, దాన్ని పూర్తి స్థాయికి జరపండి. ఇంకా కనబడితే స్కేలు 50 పెట్టండి. వారంరోజులు ఉప్పు కాగితం పెట్టి గొంతు రుద్దినా రాని నున్నదనం, బొత్తాం మీద రెండు నొక్కుల్లో వస్తుంది. ఆ గీతని ఫ్రేము కట్టించేటప్పుడు మాత్రం టేకే వాడండి.